గంటా నలభై నిమిషాలు

ఆ ఆదివారం ఆవిడ భర్త ఇంట్లోనే ఉన్నాడు. నా ఎదురు కుర్చీలో కూర్చుని, నాకు కాఫీ ఇప్పించి, కబుర్లు చెప్పాడు. ఈ సంగతి పదిహేనేళ్ళపాటు నేను ఎవరికీ చెప్పలేదు. ఊరికే చెప్పకపోవడమే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఆవిడ తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆ సంతకంతో ఒక మంచి ఉద్యోగి పని పోయింది. ఆ ఇంటి ఇల్లాలికి ఏమైందో తెలుసుకునే ధైర్యం నాకు చాలాకాలం లేకపోయింది.

మొదటి పేరాలోనే ఇది రాసేశాక ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. మిగతాది వరుసగా చెబుతాను. ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నలడిగే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారనే ఇదంతా రాయడం. ఆ ఇల్లాలి అనుమతి ఒకరి ద్వారా తీసుకున్నాను. ఇల్లు నేరేడ్‌మెట్‌లో అన్నంతవరకే చెప్పమంది, అంతే చెబుతాను.

నేను సోషియాలజీ చదువుకున్నాను. సికింద్రాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, ఇంకా సర్వీసు ఉండగానే కిందటేడు బయటికి వచ్చేశాను. ఇళ్ళల్లో భార్యల మీద జరిగే హింసను అధ్యయనం చేయడం మా విభాగం పని. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి మొదట్లో. పక్కన కూర్చున్న మగవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవారు. తర్వాత్తర్వాత ‘కుటుంబ సంక్షేమం’ అనడం నేర్చుకున్నాను. భోజనం అయ్యేదాకా తోడుండేవారు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. మేం నిజంగా దేని గురించి వచ్చామో ఆ ఇంట్లో ఒక్కరికే తెలియాలి. మిగతావాళ్ళ దృష్టిలో అది ఆడవాళ్ళ ఆరోగ్యం మీద సర్వే. ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడే అసలు ప్రశ్నలు అడగాలి. ఎవరైనా గదిలోకి వస్తే వెంటనే పేజీ తిప్పి ఇంకో ఫారం అందుకోవాలి. వారానికి ఎన్నిసార్లు ఆకుకూర వండుతారు, ఏ నూనె వాడతారు, నీళ్ళు కాచి తాగుతారా, ఇలాంటివి ఉండేవి అందులో. మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు దాన్ని పాలకూర ఫారం అనేవారు. పాలకూర ఫారం ఎంత నెమ్మదిగా నింపినా పావుగంట. అసలు ఫారానికి గంట దాటేది. ఈ తేడా మీరు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయింది దీన్నే.

ఇంటర్వ్యూలు చేసే ఆరుగురిలో ఒకావిడది రెజిమెంటల్ బజార్. ముస్లిం కుటుంబం. వాళ్ళ నాన్న మిలిటరీవాళ్ళకు యూనిఫాంలు కుట్టేవాడు. తోటివాళ్ళంతా ఆమెను ఆపా అనేవారు, అక్కా అన్నట్టు. వయసులో నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నదైనా నాకూ ఆ పిలుపే అలవాటైంది.

ఒకసారి ఇంటర్వ్యూ ఎలా చేస్తుందో చూద్దామని వెంట వెళ్ళాను. గేటు దగ్గరే ఆపేసింది.

“మీరు ఈడ్నే ఉండుండ్రి సార్. మీ మీసాలు చూస్తే ఆడోళ్ళకు మాట రాదు.”

“నేను లోపలికి రాకుండా ఎలా తెలుస్తుంది, ఆపా?”

“తెల్వదు. గందుకే మమ్మల్ని పెట్టుకున్నరు.”

ఆమె ఫారాలు అందరికన్నా లావుగా ఉండేవి. ఖాళీ జాగాల్లో, అంచుల్లో, వెనకవైపు అంతా రాత. పట్టే సమయం కూడా అందరికన్నా ఎక్కువే. ఎందుకింతసేపని అడిగితే నవ్వింది.

“ఎల్లిపాయలు ఒలుసుకుంట కూసుంట సార్. చేతులు పనిల ఉంటే నోరు అదే తెరుసుకుంటది. ఒకటో నంబర్ ప్రశ్న, రెండో నంబర్ ప్రశ్న అని స్కూల్ల లెక్క అడిగితే ఎవరు చెప్తరు?”

అప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ మాటలోని శాస్త్రం అర్థం కాలేదు. నా ప్రశ్నాపత్రాన్ని వెక్కిరిస్తోందని మాత్రం అర్థమైంది.

ఇక బ్యాక్‌చెక్ సంగతి. ఇంటర్వ్యూ నిజంగానే జరిగిందా, లేక ఏ చెట్టు కిందో కూర్చుని ఫారం నింపేశారా అని పైవాళ్ళు కొన్ని ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి చూడటాన్ని అలా అంటారు. దానికీ నియమాలున్నాయి. మహిళా సూపర్‌వైజరే వెళ్ళాలి. ఆ ఇల్లాలు ఒంటరిగా ఉండాలి. ఇంకెవరైనా ఉంటే పాలకూర మాటలు రెండు మాట్లాడి వచ్చేయాలి, ఇంకోరోజు మళ్ళీ వెళ్ళాలి. ఈ నియమాలు రాసిన ముగ్గురిలో నేనొకణ్ణి.

ఆ నెల మా సూపర్‌వైజర్ టైఫాయిడ్‌తో మంచం పట్టింది. నివేదిక ఇవ్వాల్సిన గడువు నెత్తిమీదికి వచ్చింది. బ్యాక్‌చెక్‌లు మిగిలిపోయాయి. ఆపా ఫారం ఒకటి నా బల్ల మీద ఉంది. నేరేడ్‌మెట్‌లో ఒక ఫ్లాటు. పట్టిన సమయం అన్నచోట గంటా నలభై నిమిషాలని రాసుంది. ఇది నమ్మేలా లేదనిపించింది. ఆదివారమైతే అందరూ ఇంట్లో ఉంటారు కదా అని ఆదివారం బయల్దేరాను. అందరూ ఇంట్లో ఉండే రోజే వెళ్ళకూడదని నాకు తోచనే లేదు.

తలుపు తీసింది భర్త. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, నుదుటిన చిన్న బొట్టు, చేతిలో పేపరు. సర్వే వాళ్ళమని చెప్పాను.

“రండి రండి, లోపలికి రండి. ఎండన పడి వచ్చారు. ఏమేవ్, కాఫీ! మీ మాట చూస్తే మనవైపు వాళ్ళలా ఉన్నారే. ఏ ఊరండీ మీది?”

చెప్పాను.

“అదీ సంగతి! మా మేనత్తని మీ పక్క ఊరే ఇచ్చారు. వచ్చి ఎన్నాళ్ళైందండీ హైదరాబాదు?”

పది నిమిషాల్లో మా ఊరి రైస్‌మిల్లు, వాళ్ళ ఊరి లాకులు, ఇక్కడి నీళ్ళ ట్యాంకర్ల గొడవ అన్నీ అయిపోయాయి. నాకు హాయిగా ఉంది. ఎంత మర్యాదస్తుడు అనుకున్నాను. ఆయన గురించి ఆపా ఫారంలో ఏం రాసిందో నాకు తెలుసు. ఆ ముందురోజే చదివాను. అయినా నా ఎదురుగా ఉన్నది ఆ కాగితంలోని మనిషే అని నాకు తట్టలేదు. కాగితంలోని మనిషికి మా ఊరి పక్కన మేనత్త లేదు మరి.

ఆవిడ కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“అమ్మా, పోయినవారం మా ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చారు కదా?” అన్నాను.

“వచ్చారండి.”

“ఏం అడిగారు?”

“ఆకుకూరలు, నూనె, నీళ్ళు. అవేనండి.”

ఎంత చక్కగా చెప్పింది! అక్కడితో లేచి వచ్చేస్తే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు. నేను ఫారం తీసి చూసి అడిగాను.

“గంటా నలభై నిమిషాలు కూర్చున్నట్టు రాసుకుంది. నిజమేనా?”

భర్త పేపరు మడిచాడు.

“గంటా నలభై నిమిషాలా? ఆకుకూరల మీదా? ఏవండీ, మీవాళ్ళు పెరట్లో నాటించి కోయించి మరీ వెళతారా ఏం?”

నేను నవ్వాను. దాపరికం లేకుండా చెబుతున్నాను, గట్టిగానే నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. “లేదండి. పది, పదిహేను నిమిషాలే. ఆవిడ పొరపాటున రాసుంటారు” అంది. నా గ్లాసులో ఇంకా సగం కాఫీ ఉంది. అది కూడా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

“మా వాళ్ళతో ఇదే గొడవండీ” అన్నాను నేను, ఆయనతో. ఆయన మెట్లదాకా వచ్చి సాగనంపాడు.

ఇంటికొచ్చి బ్యాక్‌చెక్ ఫారం నింపాను. ‘ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరున్నారు?’ అని ఒక గడి ఉంటుంది. భర్త అని రాస్తే ఆ బ్యాక్‌చెక్ చెల్లదు, మళ్ళీ వెళ్ళాలి. ఎవరూ లేరు అని రాశాను. మళ్ళీ నేరేడ్‌మెట్ దాకా వెళ్ళడానికి బద్ధకం, అంతే. పెద్ద దురాలోచన ఏదో ఉందని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

మర్నాడు మీటింగు. మా డైరెక్టర్ మేడం చాలా నిక్కచ్చి మనిషి. బల్ల చుట్టూ ఆరుగురు ఇంటర్వ్యూ చేసేవాళ్ళు, నేను, ఆవిడ. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకున్నారు.

“గంటా నలభై అని మీరు రాశారు. పదిహేను నిమిషాలే అని ఆ ఇంటావిడ చెబుతోంది. ఏమంటారు?”

ఆపా మేడం వైపు చూడలేదు. నన్ను అడిగింది.

“సార్, మీరు పోయినప్పుడు ఆమె ఒక్కతే ఉండెనా?”

సరిగ్గా ఆ క్షణానికి నాకంతా తెలిసిపోయింది. పదిహేను నిమిషాలని ఆవిడ ఎందుకంది, కాఫీ గ్లాసు ఎందుకు లాక్కుపోయింది, నేను వచ్చేశాక ఆ తలుపు వెనక ఆకుకూరల గురించి ఏ ప్రశ్నలు మొదలై ఉంటాయి, అన్నీ. అందరూ నావైపు చూస్తున్నారు.

“ఒక్కరే ఉన్నారు” అన్నాను.

“ఆదివారం నాడా?”

“అవును.”

ఆపా కుర్చీలోంచి లేచింది. “సరే. నాదే తప్పనుకోండ్రి” అంది. గుర్తింపు కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. సంస్థవాళ్ళిచ్చిన గొడుగు కూడా.

ఒక్క ఫారం దొంగదని తేలితే ఆ మనిషి తెచ్చిన ఫారాలన్నీ పక్కన పెట్టేయాలని నియమం. పెట్టేశాం. ఎల్లిపాయలు ఒలుస్తూ ఆపాతో నోరు విప్పిన ఆడవాళ్ళందరి మాటలూ ఒక గోనెసంచిలోకి వెళ్ళాయి. నివేదిక గడువులోపల అందింది. నాకు మంచి పేరొచ్చింది.

ఇంకో పని కూడా చేశాను. రెండేళ్ళ తర్వాత కొత్తవాళ్ళకు శిక్షణ పుస్తకం రాస్తూ, దొంగ ఫారాన్ని బ్యాక్‌చెక్ ఎలా పట్టిస్తుందో చెప్పడానికి ఈ కేసునే ఉదాహరణగా పెట్టాను. పేరు లేకుండానే. ఏటా అదే పాఠం చెప్పాను. చెప్పగా చెప్పగా ఆ గదిలోంచి భర్త కుర్చీ నిజంగానే మాయమైపోయింది. పేపర్లో నేరేడ్‌మెట్ పేరు కనిపించినప్పుడు మాత్రం తిరిగొచ్చేది. అక్కడ ఏ ఆడమనిషి చనిపోయిందని వార్త వచ్చినా వయసు చూసేవాణ్ణి. సరిపోకపోతే పేపరు మడిచేవాణ్ణి.

కిందటేడు శిక్షణ తరగతిలో ఆ పాఠం దగ్గరికి వచ్చాం. ఉద్యోగంలో చేరి నాలుగురోజులైన ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

“సార్, ఆమెను టైమ్ అడిగింది ఎవరి ముందట సార్? ఇంట్ల మొగుడు ఉంటే ఆమె పదిహేను నిమిషాలనే అంటది కదా?”

నాలుగు రోజులు. పదమూడేళ్ళుగా ఎంతమంది ఆ పేజీ చదివారో, ఎవరూ అడగలేదు. అడిగే వీలు లేకుండా రాశాను కాబోలు.

“ఎవరూ లేరమ్మా. ఒక్కరే ఉన్నారు.”

“అట్లయితే ఓకే సార్” అని ఆ అమ్మాయి తల వంచి నోట్‌బుక్‌లో రాసుకుంది. నా అబద్ధాన్ని ఆ పిల్ల కింద గీత గీసి మరీ రాసుకోవడం చూస్తూ నిలబడ్డాను. పాఠం అక్కడితో ఆపేశాను.

రెండురోజుల తర్వాత రెజిమెంటల్ బజార్‌కి వెళ్ళాను. యూనిఫాంల దుకాణం అక్కడే ఉంది. ఇప్పుడు దాన్ని ఆపాయే నడుపుతోంది. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి సుద్దముక్క కింద పెట్టింది.

“ఏంది సార్, మళ్ళ చెకింగ్‌కి వచ్చిన్రా? గీ దుకాణంల అంత కరెక్టే ఉన్నది, కొలిచి చూసుకోండ్రి.”

స్టూలు చూపించింది. కూర్చున్నాను.

“ఆపా, ఆ రోజు ఆమె భర్త ఇంట్లోనే ఉన్నాడు” అన్నాను.

“ఎరుకే” అంది.

“ఎలా?”

“ఆమెనే చెప్పింది. మీరు పోయిన నాలుగోరోజు ఫోన్ చేసింది. ఇంటర్వ్యూ అయినంక మనం హెల్ప్‌లైన్ నంబర్ ఉన్న గీ ఇంత కాగితం మడిచి ఇస్తుంటిమి కదా, తక్లీఫ్ అయితే ఫోన్ చెయ్యమని? దాని వెనుక నా నంబర్ సుత రాసి ఇచ్చిన. మీ రూల్ కాదులే అది.”

అడగాల్సిన ప్రశ్న ఒకటే. దాన్ని అడగడానికే పదిహేనేళ్ళు పట్టింది.

“ఆవిడ... ఉందా?”

“ఉండకేం? ఒక పెద్ద హోటల్ల రిసెప్షన్‌ల ఉంటది. మెట్రోల పోయొస్తది. మీకన్న నాకన్న మంచిగున్నది.”

నేను తల వంచుకున్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయని చెప్పడానికి సిగ్గుపడను. నేను చూపులు తిప్పుకున్నంతసేపూ ఆపా ఒక చొక్కా గుండీలు సరిచూస్తూ ఉండిపోయింది.

తర్వాత మిగతాది చెప్పింది. గంటా నలభై నిమిషాలు ఏం మాట్లాడావు, ఎవరి గురించి మాట్లాడావు అని మూడురోజులు అడిగాడట ఆ మర్యాదస్తుడు. మూడోరోజు మణికట్టు విరిచాడట. నాలుగోరోజు అతను స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఫోన్ చేసింది. ఆపా అప్పటికి మా ఉద్యోగి కాదు. ఆటో వేసుకుని వెళ్ళి, ఆవిడ చేతికి కట్టు కట్టించి, వాళ్ళ పిన్ని ఇంటిదాకా దింపి వచ్చింది. కోర్టుకు కూడా తోడు వెళ్ళిందట, చాలాసార్లు.

“మరి అప్పుడే మేడం దగ్గరికి వచ్చి చెప్పుంటే మీ ఉద్యోగం మీకు వచ్చేది కదా, ఆపా. నేను అబద్ధమాడాననడానికి ఆ ఇల్లాలే సాక్ష్యం.”

ఆపా నన్ను జాలిగా చూసింది.

“చెప్తే ఏమైతుండె సార్? మేడం ఏం చేస్తుండె? నిజమా కాదా చూసిరమ్మని ఆ ఇంటికి మళ్ళొక మనిషిని పంపుతుండె. లేకుంటే ఆమెను ఆఫీసుకు పిలుస్తుండె. ఆమె ఏడున్నదో అప్పటికి ఆయనకు తెల్వదు. నా నౌకరీ కోసమని ఆమె అడ్రస్ బయటికి తియ్యాల్నా? ఎవరు చెప్పినా, ఏం చెప్పినా బయట చెప్పొద్దని మాకు నేర్పింది మీరే కదా?”

అవును, నేనే నేర్పాను. ఇద్దరం పదిహేనేళ్ళు నోరు మూసుకున్నాం. ఆమె ఎవరి కోసం, నేను ఎవరి కోసం అన్నది ఆ స్టూలు మీద కూర్చుని లెక్క వేసుకోవడం అంత కష్టం కాలేదు.

ఆ ఇల్లాలిని కలిసి క్షమాపణ చెప్పుకుంటానన్నాను. ఆపా అక్కడికక్కడే ఫోన్ చేసి విషయం చెప్పింది. అవతలి మాటలు నాకు వినపడలేదు. పెట్టేశాక ఆపా ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

“ఆయన్ని కలవాల్సిన పని నాకేం లేదు, బాగున్నానని చెప్పు అన్నది. ఇంకోటి సుత అన్నది. ఆయన రాకున్నా నేను ఎప్పటికైనా బయటికి వచ్చేదాన్నే, కాకపోతే చెయ్యి విరగకుండా వచ్చేదాన్ని, గా మాట సుత చెప్పు అన్నది.”

చెప్పించుకున్నాను. నాకు దక్కాల్సింది అంతే. ఆవిడ బతికే ఉంది, బాగుంది, నా ముఖం చూడదలచుకోలేదు. ఆ మూడూ కలిపి మోసుకుంటూ బయటికి వస్తే బజారంతా వెలుతురుగా కనిపించింది.

అంతకు ముందు, లేవబోతుంటే ఆపా ఆపింది.

“మరి నా సంగతేంది సార్? పరేషాన్ అయింది నేను సుత కదా?”

“మిమ్మల్ని క్షమాపణ అడగడానికే వచ్చాను, ఆపా.”

“గీడ గాదు. గీడ నేను, గీ కుట్టుమిషన్లే ఉన్నం. దొంగ ఫారం రాసిందని పదిమంది ముందట అన్నరు. పదిమంది ముందటనే చెప్పుండ్రి.”

నెలరోజులు పట్టింది అందర్నీ పట్టుకుని మా సంస్థ హాల్లో కూర్చోబెట్టడానికి. డైరెక్టర్ మేడం రిటైరై చాలాకాలమైంది, కర్ర సాయంతో వచ్చారు. అప్పటి ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో నలుగురు దొరికారు. కొత్త బ్యాచ్ మొత్తం వచ్చింది, నోట్‌బుక్ అమ్మాయితో సహా. శిక్షణ పుస్తకంలోని ఆ పేజీ అంతకుముందే తీయించేశాను. ఎందుకు తీయించానో లిఖితపూర్వకంగా సంస్థకు ఇచ్చాను. మీటింగుకు కూడా రెండు పేజీలు రాసుకున్నాను. చదవడం మొదలుపెట్టాను. పరిశోధనలో నైతికత, మానవసహజమైన పొరపాట్లు, అప్పటి పని ఒత్తిడి.

ముందు వరుసలోంచి ఆపా గొంతు వినిపించింది.

“జెర గట్టిగ చెప్పుండ్రి సార్. ఎనకోళ్ళకు వినబడ్తలేదు. ఒత్తిడి గిత్తిడి ఇడిసిపెట్టుండ్రి.”

అందరూ నవ్వారు. మేడం కూడా. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది. కాగితాలు బల్ల మీద పెట్టేసి, ఆపా వైపు తిరిగి, వెనక వరుసదాకా వినపడేలా చెప్పాను.

“ఆపా, మీరు రాసింది నిజం. గంటా నలభై నిమిషాలూ నిజమే. నేను వెళ్ళినప్పుడు భర్త నా ఎదురుగానే ఉన్నాడు. లేడని రాశాను. మీరు మొహమ్మీద అడిగినా లేడనే చెప్పాను. అప్పటికి నాకు అంతా తెలుసు, తెలిసే చెప్పాను. మీ ఉద్యోగం, మీ పేరు తీసింది నేను. మీతో మాట్లాడిన ఆడవాళ్ళ మాటల్ని గోనెసంచిలో వేసిందీ నేనే. మిమ్మల్ని ఉదాహరణగా పెట్టి పాఠం చెప్పుకుని బతికాను. నన్ను క్షమించండి, ఆపా.”